లెఫ్ట్ బ్యాక్ అల్లుడు

మా ఆయన కాళ్లు నేను పెళ్లికి ముందే పట్టుకున్నాను. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు గానీ జరిగింది అదే. ఫిజియోథెరపీ చదివి కొత్తపేటలో ఒక చిన్న క్లినిక్‌లో చేరిన కొత్తల్లో, వాచిన చీలమండతో కుంటుకుంటూ ఒకాయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఏం చేస్తుంటారని అడిగాను. "ఫుట్‌బాల్ ఆడుతా మేడం" అన్నాడు. ఆదివారం పూట అందరూ ఏదో ఒకటి ఆడతారు, మిగతా రోజుల సంగతి చెప్పండి అన్నాను. "మిగతా దినాలు గూడ గదే మేడం. దానికే జీతం ఇస్తరు" అన్నాడు. బంతిని తన్నినందుకు జీతాలు ఇచ్చేవాళ్లు మన దగ్గర కూడా ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

చీలమండ నయమైంది. మనిషి రావడం మాత్రం ఆగలేదు. ఒకసారి మెడ పట్టేసిందన్నాడు, ఇంకోసారి నడుమన్నాడు. చివరికి ఏ నొప్పీ లేకుండా వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు.

మా నాన్న లెక్కల మాస్టారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, ఎంట్రన్సు పిల్లలకు కోచింగ్ చెప్పి చెప్పి జుట్టు నెరిపించుకున్నారు. ఆయన లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు: ర్యాంకు వచ్చినవాళ్లు, లాంగ్ టర్మ్‌లో చేరి మళ్లీ రాసేవాళ్లు. ఆ రోజు పెళ్లికొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి, చదువు సంగతి కనుక్కుని, "ఇప్పుడు ఏం చేస్తున్నారు బాబూ?" అని అడిగారు.

"ఫుట్‌బాల్ సార్. లెఫ్ట్ బ్యాక్."

నాన్న మొహం వాడిపోయింది. మా దిల్‌సుఖ్‌నగర్‌లో 'బ్యాక్' అంటే ఇంజనీరింగ్‌లో తప్పి, మళ్లీ రాయాల్సిన సబ్జెక్టు. ఏ హాస్టల్ గదిలో అడిగినా ఎవడికెన్ని బ్యాకులున్నాయో చెప్పేస్తారు. జట్టులో ఎడమవైపు నిలబడి గోల్ పడకుండా కాపాడేవాణ్ని లెఫ్ట్ బ్యాక్ అంటారని ఆయనకు ఎవరు చెబుతారు? లెఫ్ట్ అంటే ఇంకా మిగిలిపోయిన బ్యాకులనే అనుకున్నారు.

"ఎన్ని ఉన్నాయి?" అని గొంతు తగ్గించి అడిగారు.

"ఒక్కడే సార్. ఏ టీముకైనా ఒక్కడే ఉంటడు."

"ఒక్కటే అయితే ఫర్వాలేదు లెండి. మరి సప్లిమెంటరీ?"

"ఉంటడు సార్, బెంచి మీద కూసుంటడు. నాకు దెబ్బ తాకితే నా బదులు దిగుతడు."

"మీ బదులు ఇంకొకడు రాస్తాడా!" అని నాన్న కుర్చీలోంచి లేచిపోయారు.

మా అమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది కాబట్టి సరిపోయింది. నేను కలగజేసుకుని విడమరిచి చెప్పేసరికి కాఫీలు చల్లారాయి. నాన్న అంతా విని, "అయితే ఉద్యోగం లేనట్టే కదమ్మా" అన్నారు. పెళ్లి ఎలా కుదిరిందంటారా? మా అత్తగారివాళ్లది పాత కొత్తపేట కుటుంబం. పొలాలున్న చోట ఇప్పుడు వాళ్లకు రెండు హాస్టల్ బిల్డింగులున్నాయి. నాన్న దగ్గర చదివే పిల్లలు సగం మంది వాటిలోనే కిరాయికి ఉంటారు. నాన్నకు ఫుట్‌బాల్ కనపడలేదు, ఆ బిల్డింగులు కనపడ్డాయి. అప్పటినుంచి ఎవరడిగినా "మా అల్లుడుగారికి హాస్టళ్ల బిజినెస్సండీ" అని చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. మా ఆయన హాస్టల్ మెట్లెక్కింది వాళ్లమ్మ చేతి బువ్వ తినడానికే తప్ప కిరాయి అడగడానికి ఒక్కనాడూ కాదు.

మా ఆయన ఆట మొదలైంది పాత పండ్ల మార్కెట్ పక్కన. అక్కడ ఒక చిన్న ఖాళీ జాగా ఉండేదట. ఒక పక్క బత్తాయి లారీలు ఆగేవి, ఎడమ పక్క మురుగు కాలువ పారేది. బంతి కాలువలో పడితే ఆ పక్క నిలబడినవాడే దిగి తేవాలి. అందరికంటే చిన్నవాడని ఈయన్ని ఆ పక్కనే నిలబెట్టేవాళ్లు. రోజూ మురుగులో దిగి, ఇంటికెళ్లి అమ్మతో వీపు మోత మోగించుకోలేక, బంతి తనని దాటిపోకుండా ఆపడం నేర్చుకున్నాడు. అదే ఆయన పొందిన శిక్షణ. ఆ బంతిని అంత గట్టిగా తన్నేవాడు ఇంకొకడు ఉండేవాడు. ఆయన దోస్తు, ఒకే బస్తీ, ఒకే బడి. ఆ దోస్తు తన్నేవాడు, ఈయన ఆపేవాడు. ఆ పని ఇద్దరూ ఇరవై ఏళ్లకు పైగా చేశారు.

ఇద్దరూ ఒకే ఏడాది జీతానికి ఆడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దారులు చీలాయి. దోస్తు ఫార్వర్డు, గోల్స్ కొడతాడు. గోల్ కొట్టినవాణ్ని టీవీలో నాలుగు వైపుల నుంచీ చూపిస్తారు. కొన్నేళ్లకే ఎల్బీ నగర్ చౌరస్తాలో, నల్గొండ బస్సులు తిరిగే చోట, ఒక బంగారం కొట్టు హోర్డింగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెడలో లావుపాటి గొలుసు, చేతికి పచ్చబొట్టు. మా ఇంటికొస్తే కింద హాస్టల్ పిల్లలంతా చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఫోన్లో అతన్ని లక్షల మంది చూస్తారు. మా ఆయన్ని చూసేది మా చుట్టాలూ, బూట్లమ్మే కంపెనీలవాళ్లూ.

అలాగని ఈయనేం తక్కువ ఆడలేదు. కేరళలో ఆడాడు, గోవాలో ఆడాడు, కలకత్తాలో వానకు చెరువైన మైదానాల్లో ఆడాడు, ఆఖరికి మన ఊరి జట్టులోకే వచ్చాడు. ఏ కోచ్ వచ్చినా జట్టు రాసేటప్పుడు ఎడమవైపు ముందు ఈయన పేరే రాసేవాడు. కానీ ఆగిన గోల్‌ని టీవీలో మళ్లీ చూపించరు. పడని గోల్‌కి చప్పట్లెవరు కొడతారు?

ఒక్కసారి మాత్రం టీవీలో తెగ చూపించారు. అదేమిటంటే సెల్ఫ్ గోల్. కాలికి తగిలిన బంతి మలుపు తిరిగి మన గోల్‌లోకే పోయింది. మామూలుగా మన దగ్గర సెల్ఫ్ గోల్ చేసుకునేది రాజకీయ నాయకులు. ఆ వారం ఒకాయన ఏదో నోరుజారితే ఆ వార్తకు మా ఆయన క్లిప్పు తగిలించి అందరూ పంచుకున్నారు. దాంతో ఆయనకూ పేరొచ్చింది. రైతు బజార్లో టమాటాలు ఏరుకుంటుంటే ఒక పోరగాడు వెనకనుంచి "అరె, గా సెల్ఫ్ గోల్ అన్న గాదురా!" అన్నాడు. నేను టమాటా చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆ పిల్లాడితో నవ్వుతూ సెల్ఫీ దిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయనకు ఎక్కడుంటుందో ఇన్నేళ్లయినా కనిపెట్టలేకపోయాను.

"నీ దోస్తుని చూస్తే కుళ్లుగా ఉండదా నీకు?" అని ఒకసారి అడిగాను.

"కుళ్లెందుకు? ఆడు గోల్ కొడితే చిన్నప్పుడు నేను గూడ ఎగిరేటోన్ని" అన్నాడు. మళ్లీ తనే, "ఒక్క మామయ్యకే నేనేం జేస్తనో సమజ్ గాలే. గది జర బాధయితది" అన్నాడు.

ఆ మాట నాలో ముల్లులా దిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నాన్న ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. సాయంత్రం బ్యాచి ఉందనేవారు, మోడల్ టెస్టు ఉందనేవారు. వాళ్ల స్టాఫ్ రూంలో ఎవరో చూపిస్తే ఆ సెల్ఫ్ గోల్ క్లిప్పు మాత్రం చూశారు. అల్లుడి ఆటలో ఆయన చూసింది అదొక్కటే.

అలా ఉండగా జట్టువాళ్లు మా ఆయన్ని పిలిచి, వచ్చే సీజన్‌కి ఒప్పంద కాగితం రాయడం లేదని చెప్పారు. వయసు ముప్పై నాలుగు, కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు, వాళ్ల తప్పేమీ లేదు. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ మిగిలింది. అదీ దోస్తు ఆడుతున్న జట్టు మీద. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు, నాకే పట్టలేదు. ఆ ఒక్క మ్యాచ్ నాన్న చూడకపోతే ఇక చూసేదేమీ ఉండదు. మా ఆయన ఎప్పటికీ హాస్టళ్ల బిజినెస్‌గానే మిగిలిపోతాడు.

మర్నాడు వెళ్లి నాన్నని అడిగాను, బతిమాలాను, చివరికి అరిచాను. "పరీక్షలు దగ్గరపడ్డాయమ్మా, పిల్లల్ని వదిలి ఎలా వస్తాను?" అన్నారు. విసవిసా తిరిగొచ్చి మా అత్తమ్మ ముందు ఏడ్చేశాను. ఆవిడ మెంతికూర తుంచుతోంది. తుంచడం ఆపకుండా అంతా విని, "గింతేనా? నేను జూస్కుంట తియ్" అంది.

సాయంత్రం అత్తమ్మ మంచి చీర కట్టుకుని, రెండు కిలోల బత్తాయిలు పట్టుకుని మా పుట్టింటికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. నాన్న కంగారుగా లేచి నిలబడ్డారు. మావైపు వాళ్లకు వియ్యపురాలు గడప తొక్కిందంటే చిన్న సంగతి కాదు. అడిగింది కాదనడం అసలే లేదు. మగపెళ్లివారి మాట తీసేస్తే ఏడు తరాలు చెప్పుకుంటారని భయం.

"అన్నా," అంది అత్తమ్మ, "ఆదివారం మా పోరడి ఆఖరి ఆటనంట. నేను గూడ ఎన్నడు సూడలే. అమీర్‌పేటల బండి మారాలంట, గా మెట్రో మారుడు నాతోని గాదు. జర నువ్వు తోల్కపో."

మెట్రోలో ఆవిడ వారానికోసారి చెల్లెలింటికి వెళ్లొస్తుంది. అమీర్‌పేటలో ఏ మెట్లు ఎక్కాలో ఆవిడే నాకు చూపించింది.

"అయ్యో, అలాగేనండి వదినగారూ, దానికేం భాగ్యం" అన్నారు నాన్న.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో నాన్న ఇస్త్రీ చొక్కాతో, జేబులో రెండు పెన్నులతో తయారుగా ఉన్నారు. ఇన్విజిలేషన్‌కి వెళ్తున్నట్టే ఉంది. దారి పొడుగునా అత్తమ్మకు స్టేషన్ల పేర్లు చెబుతూ వచ్చారు, ఆవిడ కళ్లు పెద్దవి చేసి వింటూ వచ్చింది. స్టేడియంలో అడుగుపెట్టేసరికి జనమంతా ఒకటే పేరు అరుస్తున్నారు. అది దోస్తు పేరు. అవతలి జట్టువాడైనా మన బస్తీ పిల్లాడని మనవాళ్లే అరుస్తున్నారు. మా ఆయన పేరు మైకులో చదివినప్పుడు మా వరసలో మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. నాన్న కొట్టినవి మర్యాద చప్పట్లు.

"మన అబ్బాయి ముందుకు వెళ్లడేంటమ్మా? వెనకే ఉండిపోతున్నాడు" అన్నారు మొదట్లో.

"ఆయన చోటు అదే నాన్నా. బంతిని కాదు, ఆయన్నే చూడండి" అన్నాను.

నాన్న కళ్లజోడు తుడుచుకుని, పేపర్ దిద్దేటప్పటిలా మొహం పెట్టి చూడడం మొదలుపెట్టారు. దోస్తు కుడి అంచు వెంట బంతితో దూసుకొచ్చాడు. మా ఆయన ఎదురెళ్లలేదు, తొందరపడలేదు. పక్కనే జరుగుతూ జరుగుతూ అతన్ని గీత దాకా తీసుకెళ్లి, అక్కడ చల్లగా బంతిని బయటికి నెట్టేశాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ అంతే. మూడోసారి దోస్తు లోపలికి తిరగబోతే, ఆ తిరగబోయే చోట ఈయన ముందే నిలబడి ఉన్నాడు. జనం ఉసూరుమన్నారు. అది నిరాశే అయినా నా చెవికి పొగడ్తలా వినిపించింది.

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, ఇది నెగెటివ్ మార్కులున్న పేపరు" అన్నారు. "అవతలివాడు మార్కులు తెస్తాడు, అందరికీ కనపడతాయి. ఈయన పోయే మార్కుల్ని ఆపుతున్నాడు. నెగెటివ్ పోకుండా రాసేవాడే కదమ్మా చివరికి సీటు కొట్టేది! ఇంత చిన్న విషయం నాకు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది అదే. కానీ ఆ క్షణంలో పోట్లాడబుద్ధి కాలేదు. కళ్లు నిండిపోయాయి.

విరామం తర్వాత మనవాళ్లు కార్నర్ నుంచి ఒక గోల్ కొట్టారు. ఇక నాన్నకు పట్టపగ్గాల్లేవు. దోస్తు మా ఆయన చొక్కా పట్టి లాగితే రిఫరీ చూడలేదు. నాన్న బెంచీ మీదికి ఎక్కేశారు. "రిఫరీ గారూ! ఏమండీ రిఫరీ గారూ! ఇటు చూడండి, అన్యాయమండీ ఇది!" అని అరిచారు.

"అన్నా, గారు అంటే గాళ్లకు ఇనబడది. 'అబే' అని ఒర్రు" అంది అత్తమ్మ.

నాన్న గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "అబే!" అన్నారు. ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. ఆ తర్వాత ఆ మాట ఆగలేదు.

ఆఖరి నిమిషాల్లో మన గోల్‌కీపర్ ముందుకు వెళ్లి పడిపోయాడు. బంతి దోస్తు కాళ్ల దగ్గరుంది, గోల్ ఖాళీగా ఉంది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అతను తన్నాడు. ఎక్కడినుంచి వచ్చాడో మా ఆయన, గోల్ గీత మీద అడ్డంగా పడి ఎడమ కాలితో దాన్ని బయటికి తోసేశాడు. ఎక్కడ దెబ్బ తగిలిందోనని నా చూపు ముందు చీలమండ మీదికే పోయింది. ఆయన లేచి నిక్కర్ దులుపుకుని తన చోటుకి నడిచాడు. దోస్తు తల పట్టుకుని నవ్వుతున్నాడు. నాన్నా, అత్తమ్మా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఎగురుతున్నారు. వియ్యంకులు ఎగరడం నేను పెళ్లి ఊరేగింపులో కూడా చూడలేదు.

గెలిచాం. బయట గేటు దగ్గర పిల్లలు మా ఆయన్ని దాటుకుని దోస్తు వైపు పరిగెత్తారు. ఒకడైతే ఈయన చేతికి ఫోనిచ్చి "అన్నా, అన్నతోని ఒక ఫొటో తియ్యరా ప్లీజ్" అన్నాడు. నేను ముందుకు వెళ్లేలోపే మా ఆయన ఫొటో తీసి, బాగా రాలేదని ఇంకోటి కూడా తీసి ఇచ్చాడు. నాన్న దగ్గరికొచ్చారు. ఏదో చెప్పాలని నోరు తెరిచారు. గాలి తప్ప మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. అల్లుడి రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ ఉండిపోయారు. మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం అదే మొదటిసారి.

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. గొంతు లేకపోయినా నాన్న క్లాసుకి వెళ్లారట, వద్దంటే వినలేదట. మిరియాల కషాయం కాచి ఫ్లాస్కులో పోసుకుని కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను. మూడో అంతస్తులో తలుపు తీసి ఉంది. గది నిండా పిల్లలు, ఒక్క చప్పుడు లేదు. నాన్న వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తున్నారు. గుండ్రటి చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు.

'నా గొంతు పోయింది. నిన్న స్టేడియంలో అరిచాను. మా అల్లుడుగారు ఫుట్‌బాల్ ఆటగాడు. జట్టుకి లెఫ్ట్ బ్యాక్.'

నేను గడప దగ్గరే ఆగిపోయాను. వెనక బెంచీలో ఒకడు లేచాడు. మా హాస్టల్ పిల్లాడే, నోటికి అదుపుండదు. "సార్, అన్న ఎన్ని గోల్స్ కొట్టిండు సార్?" అన్నాడు.

నాన్న అతని వైపు చూసి, బోర్డు వైపు తిరిగి పెద్ద అక్షరాలతో రాశారు: 'కొట్టినవి: 0.'

గది గొల్లుమంది. నాన్న సుద్దముక్క పట్టుకుని, ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగారు. తర్వాత దాని కింద ఇంకొక వరస రాశారు.

'కొట్టనిచ్చినవి: 0.'

ముందు బెంచీలో ఒకమ్మాయి చప్పట్లు మొదలుపెట్టింది. తర్వాత గదంతా కొట్టింది.